డీటీపీ పని చేస్తూ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. అనంతపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు చదువుతున్నారు. సాయంత్రాలు సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, అర్జీలు కొడతారు. అక్కడ ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్లయిన లిబ్రెఆఫీస్ (ఆఫీసు పనులకి), స్క్రైబస్ (పేజీలు పేర్చడానికి), ఇంక్‌స్కేప్ (బొమ్మలకి) వాడుతూ వాడుతూ, వాటిని తయారుచేసేవాళ్లలో తామూ ఒకరు కావాలనిపించింది. కానీ సి++ అంతంతమాత్రం, ఇంగ్లీషులో ధైర్యంగా మాట్లాడలేరు, ఇంట్లో ఉన్నది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. ఇలా ఉంటే కుదురుతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి, రేపు ఉద్యోగానికి పనికొస్తుందా అని.

కుదురుతుంది. పైగా మీరు మొహమాటంగా చెప్పిన డీటీపీ పనే మీకున్న పెద్ద బలం. మన దగ్గర ఓపెన్ సోర్స్ అనగానే అందరూ కోడింగ్ వైపే వేలు చూపిస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను గుంతకల్లులో ఉంటాను. కొన్నేళ్లుగా లిబ్రెఆఫీస్‌లో బగ్గులు (ప్రోగ్రాంలోని తప్పులు) పరీక్షిస్తున్నాను, అప్పుడప్పుడు చిన్న ప్యాచ్‌లు (కోడ్‌లో చేసిన మార్పులు) పంపుతుంటాను. చెప్పేదంతా అక్కడ చూసినదాన్ని బట్టే.

ముందుగా ఒక్క సంగతి. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఎప్పుడూ కరువుగా ఉండేది మెయింటెయినర్ల సమయం. మెయింటెయినర్ అంటే బయటివాళ్లు పంపిన మార్పుల్ని చదివి, సరిచూసి, లోపలికి తీసుకునే మనిషి. చాలా ప్రాజెక్టుల్లో ఆ పనికి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లూ పగలంతా ఉద్యోగం చేసి రాత్రిపూట దీనిముందు కూర్చునేవాళ్లే. వాళ్ల సమయం మిగిల్చే పని ఏది చేసినా మీరు ప్రాజెక్టులో మనిషే. వాళ్ల సమయం తినే పని చేస్తే, వెయ్యి లైన్ల కోడ్ రాసినా బయటి మనిషే. పెళ్లింటికి వెళ్లినవాడు 'నేనేం చెయ్యాలి, నాకో పని చెప్పండి' అంటూ పెళ్లిపెద్ద వెంట తిరిగితే ఆయనకి అదో అదనపు పని. పంక్తిలో నీళ్లు అందట్లేదని చూసి జగ్గు అందుకున్నవాడిని మాత్రం సాయంత్రానికల్లా అందరూ పేరు పెట్టి పిలుస్తారు. ప్రాజెక్టుల్లో మనుషులు లోపలికి వచ్చేది ఇలాగే.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా జరిగినవి మన దేశం నుంచే ఉన్నాయి, చెప్పక తప్పదు. డిజిటల్‌ఓషన్ సంస్థ 2014 నుంచి ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఉత్సవం నడుపుతోంది. అప్పట్లో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే 'నా మార్పు తీసుకోండి' అనే వినతులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఆ టీషర్టు కోసం జనం ఎగబడి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్లలో ఒక మాట మార్చి, ఒక చుక్క చేర్చి పంపడం మొదలుపెట్టారు. మెయింటెయినర్లు గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజుల్లోనే నిబంధన మారింది: మాకు సమ్మతమే అని ముందే చెప్పిన ప్రాజెక్టులకి పంపినవే లెక్కలోకి వస్తాయని. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌కీ ఇదే కష్టం వచ్చింది. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించే ఒక వీడియో పాఠంలో ఆ ప్రాజెక్టునే నమూనాగా వాడారు. చూసిన పిల్లలు చూసినట్టే రీడ్‌మీలో తమ పేరు చేర్చి పంపుతూ పోయారు. ఆ పిల్లల్లో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఒక్కొక్కటీ తెరిచి, చదివి, మూయాల్సిన మనిషి గురించి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) నేర్చుకోవడానికైతే సొంత రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) పెట్టుకుని ఎన్నిసార్లయినా ఆడుకోండి. వేరేవాళ్ల ఇంటి గోడ మీద మాత్రం సాధన వద్దు.

ఇంకో సంఘటన కూడా తెలిసి ఉంటే మంచిది. లైనక్స్ సిస్టమ్స్‌లో దాదాపు అన్నిచోట్లా ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ల తరబడి లాస్సె కోలిన్ అనే ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు చేరి, రెండేళ్లకు పైగా మంచి పని చేసి, నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ హోదా తెచ్చుకున్నారు. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో దొంగదారి పెట్టారు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే డెవలపర్. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఊరుకోకుండా తవ్వుకుంటూ వెళ్లి, మార్చి 29న బయటపెట్టాడు. కొత్తవాళ్ల ప్యాచ్‌ని ప్రాజెక్టులు ఎందుకు అంత నెమ్మదిగా, అంత గుచ్చిగుచ్చి చూస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. మీ మీద అనుమానంతో కాదు, వాళ్లకి అది తప్పదు. నాకు ఇందులో అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆ అర సెకను. 'ఏదో తేడాగా ఉందే' అని ఆగి చూసే కన్ను ఎంత విలువైనదో అక్కడ తేలింది. ఆ కన్ను మీకు తెలుగు అక్షరాల విషయంలో ఇప్పటికే ఉంది.

ఎలాగంటే, మీరు రోజూ కొట్టే తెలుగు ఒక డెవలపర్ ఏడాదిలో కూడా చూడడు. కస్టమర్ వాట్సాప్‌లో యూనికోడ్‌లో మ్యాటర్ పంపుతాడు, మీరు దాన్ని పేజ్‌మేకర్ కోసం అను ఫాంట్లలోకి మారుస్తారు, మార్చాక ఎక్కడ వత్తు ఎగిరిపోయిందో చూడగానే పట్టేస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ అక్షరం దగ్గర తడబడుతుందో మీ చేతికి తెలుసు. ఈ ప్రాజెక్టుల్లో పనిచేసే చాలామందికి తెలుగు చదవడమే రాదు. తెర మీద అక్షరం తప్పుగా వచ్చినా వాళ్ల కంటికి అది తప్పని తెలియదు. మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు, ఎవరూ చెప్పకపోతే అది అలాగే ఉండిపోతుంది.

ఏ ప్రాజెక్టు ఎంచుకోవాలన్నదానికి నా జవాబు సూటిగా: మీరు రోజూ వాడేవాటిలో ఒకటి. ఒక్కటే. పేరున్నదనో, స్నేహితులు అందులో ఉన్నారనో తెలియని సాఫ్ట్‌వేర్‌లో చేరితే వారంలో ఆసక్తి పోతుంది. ఎంచుకునే ముందు ఈ మధ్య కొత్త వెర్షన్ వచ్చిందా, కొత్తవాళ్లు వేసిన ప్రశ్నలకి జవాబులు వస్తున్నాయా, జవాబుల్లో మర్యాద ఉందా అని ఒక గంట కూర్చుని పాత సంభాషణలు చదవండి. నెలల తరబడి జవాబు లేని ప్రశ్నలు వరసగా కనిపిస్తే, సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా మొదటి ప్రాజెక్టుగా వద్దు.

మీ మూడింటిలో నేనైతే లిబ్రెఆఫీస్ అంటాను. నేను అందులో ఉన్నానని కాదు, కొత్తవాళ్లని లోపలికి తీసుకునే ఏర్పాటు అక్కడ బాగుంది. 2010 సెప్టెంబరులో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిన ప్రాజెక్టు అది. ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేకుండా ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ కింద నడుస్తోంది. ఏడాదికి రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి కాబట్టి మీరు చేసిన పని త్వరలోనే మీ సెంటర్ కంప్యూటర్‌లోకి వస్తుంది.

స్క్రైబస్ వాడుతున్నారు కదా, దాని గురించి ఒక మాట. పాత స్క్రైబస్‌లో తెలుగు కొడితే వత్తులు విడివిడిగా పడేవి. 1.5 శ్రేణిలో అది మారింది. మార్చినవాళ్లు ఒమాన్ దేశానికి చెందిన ఒక బృందం. అరబిక్ సరిగ్గా రావాలని వాళ్లు స్క్రైబస్ అక్షరాలు పేర్చే పద్ధతినే తిరగరాసి, హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని అందులో కలిపారు. హార్ఫ్‌బజ్‌కి తెలుగు కూడా వచ్చు కాబట్టి మనకీ వెలుగు వచ్చింది. ఎక్కడో ఒమాన్‌లో కూర్చుని చేసిన పనితో మీరు ఈ రోజు అనంతపురంలో పెళ్లిపత్రిక కొడుతున్నారు. మీ పని కూడా ఇలాగే ఎక్కడెక్కడికో చేరుతుంది.

ఇక మొదటి పని: ఒక మంచి బగ్ రిపోర్ట్. ఇది దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మిగతా అంతా దీని మీదే నిలబడుతుంది.

పెళ్లిపత్రికలో 'స్వాతంత్ర్య సమరయోధులు ఫలానా వారి మనుమడు' అని ఒక లైను ఉందనుకుందాం. తెర మీద బాగానే ఉంది. పీడీఎఫ్ తీస్తే ఆ లైనులో 'త్ర్య' కింద ఉన్న వత్తు సగానికి తెగిపోయింది. సెంటర్‌లో అయితే మీరేం చేస్తారు? ఫాంట్ సైజు ఒక పాయింట్ తగ్గించో, బాక్స్ కాస్త కిందికి లాగో పని కానిచ్చేస్తారు. కస్టమర్ నిలబడి ఉంటాడు కాబట్టి అదే సరైన పని. కానీ రాత్రి ఇంటికి వెళ్లాక దాన్ని మళ్లీ తెరవండి.

కొత్త ఖాళీ ఫైలు తెరిచి ఆ ఒక్క మాట మాత్రమే కొట్టండి. ఇప్పుడూ తెగుతోందా? తెగితే మీ పత్రికలోని పువ్వుల బోర్డర్‌కీ దీనికీ సంబంధం లేదని తేలింది. ఫాంట్ మార్చండి. లోహిత్ తెలుగులో తెగి, నోటో సాన్స్ తెలుగులో తెగకపోతే తప్పు ఫాంట్‌లో ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు ఆ రిపోర్ట్ వెళ్లాల్సింది ఫాంట్ తయారుచేసేవాళ్లకి. అన్ని ఫాంట్లలోనూ తెగుతోందా? అయితే అదే మాట ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. అక్షరాలు పేర్చడానికి ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ ఆ హార్ఫ్‌బజ్‌నే వాడతాయి. అన్నిచోట్లా ఒకేలా తప్పుగా పడితే హార్ఫ్‌బజ్ వైపో ఫాంట్ వైపో చూడాలి. ఒక్క లిబ్రెఆఫీస్‌లోనే, అదీ పీడీఎఫ్‌లో మాత్రమే తెగితే, దోషం ఆ పీడీఎఫ్ తీసే భాగంలో ఉంది. ఇంతా చేస్తే అరగంట. ఇదే పని తెలుగు రాని డెవలపర్‌కి ఒక రోజు పడుతుంది, అదీ అతనికి తప్పు కనిపిస్తేనే.

లిబ్రెఆఫీస్‌లో హెల్ప్ మెనూ కింద సేఫ్ మోడ్ ఉంటుంది. అందులో రీస్టార్ట్ చేసి కూడా చూడండి. మీ సెట్టింగులు పాడైపోవడం వల్ల వచ్చే సమస్యలు అక్కడ మాయమైపోతాయి. అదే మెనూలో అబౌట్ తెరిస్తే వెర్షన్ వివరాలు మొత్తం కాపీ చేసుకునే బటన్ ఉంటుంది. అది రిపోర్ట్‌లో అతికించండి.

ఇప్పుడు రిపోర్ట్. 'తెలుగు నాట్ వర్కింగ్, ప్లీజ్ ఫిక్స్ అర్జెంట్' అని శీర్షిక పెడితే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ భాగంలో, ఏ పని చేసినప్పుడు, ఏం జరుగుతోందో ఒక వాక్యంలో రావాలి: రైటర్ నుంచి పీడీఎఫ్ తీస్తే తెలుగులో రెండో వత్తు కింది భాగం తెగిపోతోంది. కింద వరసగా ఏమేం చేస్తే తప్పు కనబడుతుందో, ఏం రావాలో, ఏం వస్తోందో రాయండి. ఆ ఒక్క మాట ఉన్న ఫైలు, దాని పీడీఎఫ్ జతచేయండి. సరైన రూపం ఎలా ఉండాలో బొమ్మ కూడా పెట్టండి, తెలుగు రానివాళ్లకి అదే ఆధారం. అంతకు ముందు మాత్రం ప్రాజెక్టు బగ్గులు నమోదయ్యే వెబ్‌సైట్ బగ్‌జిల్లాలో అదే సమస్య ఎవరైనా చెప్పారేమో వెతకండి. ఉంటే కొత్తది వద్దు, ఉన్నదాని కిందే మీ పరీక్షల వివరాలు చేర్చండి.

ఒక హెచ్చరిక. బగ్‌జిల్లాలో పెట్టిన ఫైలు ప్రపంచంలో ఎవరైనా దించుకోవచ్చు. కస్టమర్ అర్జీలో ఆధార్ నంబరు ఉంటుంది, పెళ్లిపత్రికలో ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు ఉంటాయి. కస్టమర్ ఫైలు ఎప్పుడూ అలాగే పెట్టకండి. కొత్త ఫైలులో తప్పు కనబడే మాట ఒక్కటే ఉంచండి.

రిపోర్ట్ పెట్టగానే అది 'ఇంకా నిర్ధారణ కాలేదు' అనే స్థితిలో ఉంటుంది. ఇంకొకరు తమ మెషీన్‌లో చేసి చూసి, నిజమే అంటేనే 'కొత్తది' అనే స్థితికి వెళుతుంది. ఎవరి రిపోర్ట్ వాళ్లే నిర్ధారించుకోకూడదని పద్ధతి. ఇక్కడే మీకు రెండో పని దొరుకుతుంది. వేరేవాళ్లు పెట్టిన రిపోర్టులు రోజుకొకటి తీసుకుని, వాళ్లు చెప్పినట్టే చేసి, మీ దగ్గర కూడా వస్తోందో లేదో రాయండి. రాకపోతే ఏ వెర్షన్‌లో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో రాలేదో చెప్పండి. దీనికి సి++ ఒక్క ముక్క అక్కర్లేదు. అయినా దీనికి చేతులు ఎప్పుడూ చాలవు. ఈ పని కొన్నాళ్లు చేస్తే సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఎవరు చూస్తారో, ఎవరు ఎలా మాట్లాడతారో మీకే తెలిసిపోతుంది. మీ పేరు కూడా వాళ్లకి అలవాటవుతుంది.

ఆపైన బైబిసెక్ట్ నేర్చుకోండి. నాకు ఈ ప్రాజెక్టులో చాలా ఇష్టమైన పని ఇది. నిరుడు బాగా ఉన్నది ఈ ఏడు చెడిపోయిందనుకోండి. ఈ మధ్యలో వచ్చిన వేలాది మార్పుల్లో ఏది చెడగొట్టిందో పట్టుకోవాలి. అందుకోసం ముందే తయారుచేసిన బిల్డులన్నీ (కోడ్ నుంచి తయారై నడవడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రాంలు) ఒక గిట్ రిపాజిటరీలో పెట్టి ఉంచారు. మీరు నడిమిది తెరిచి చూస్తారు. బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉంది, బాగలేకపోతే ముందు సగంలో ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే వెయ్యి బిల్డుల్లో దోషం ఎక్కడ దూరిందో పది పరీక్షల్లో తేలిపోతుంది. మీరు చేసేది తెరవడం, చూడటం, బాగుందో లేదో చెప్పడం. చివరికి ఒక కమిట్ (నమోదైన ఒక్కో మార్పు) దగ్గరో, కొన్ని కమిట్ల మధ్యో వచ్చి ఆగుతుంది. ఆ వివరం బగ్ కింద రాసిన రోజున, ఆ కమిట్ చేసిన డెవలపరే వచ్చి మీతో మాట్లాడే అవకాశం చాలా ఎక్కువ. కాకపోతే ఆ రిపాజిటరీలు చాలా జీబీలు ఉంటాయి, హాట్‌స్పాట్‌తో పెట్టుకోకండి. కాలేజీ ల్యాబ్‌లో అడిగి పెన్‌డ్రైవ్‌లోకో హార్డ్‌డిస్క్‌లోకో దించుకోండి.

తెలుగులోకి అనువాదం కూడా మంచి దారే. లిబ్రెఆఫీస్ మెనూల అనువాదం వెబ్లేట్ అనే చోట జరుగుతుంది, బ్రౌజర్ చాలు. కొత్తగా చేరినవాళ్లు ముందు సలహాలుగా ఇవ్వాలి, అంతకు ముందు నుంచి ఉన్నవాళ్లు చూసి ఆమోదిస్తారు. శాతం గుర్తు, దాని పక్కన అంకె లాంటివి కనబడితే వాటిని తీసేయొద్దు, మార్చొద్దు. ప్రోగ్రాం నడిచేటప్పుడు అక్కడికి ఫైలు పేరో అంకో వచ్చి కూర్చుంటుంది. మెషీన్ అనువాదం తెచ్చి అతికించడం మాత్రం వద్దే వద్దు. దాన్ని సరిచేయడం కొత్తగా రాయడం కంటే ఎక్కువ పని. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం చాలాకాలంగా పనిచేస్తోంది, వాళ్లని కూడా కలుపుకోండి.

కోడ్ సంగతికి వస్తే, దానికి తొందర లేదు, అలాగని భయం కూడా అక్కర్లేదు. బగ్‌జిల్లాలో 'ఈజీహాక్' అని గుర్తు పెట్టిన పనులు ఉంటాయి. ఎంత కష్టమో, ఏ భాష కావాలో పక్కనే రాసి ఉంటుంది. పైథాన్ వచ్చినవాళ్లకీ పని ఉంటుంది. ఒకటి తీసుకునే ముందు దాని కింద ఉన్న సంభాషణ అంతా చదవండి, ఎవరైనా ఇప్పటికే ప్యాచ్ పెట్టి మధ్యలో వదిలేశారేమో చూడండి. ముందుగా ఒక చిన్న లాంఛనం: నేను పంపేదంతా ప్రాజెక్టు లైసెన్స్ కింద ఇస్తున్నానని ఒక మెయిల్ పంపాలి. లిబ్రెఆఫీస్‌కైతే అది ఎంపీఎల్ 2, ఎల్‌జీపీఎల్ 3 లైసెన్సులు. లైనక్స్ కెర్నల్‌లో ఇదే సంగతిని ప్రతి ప్యాచ్ చివర సంతకం లైనుతో చెబుతారు, ఇంకొన్ని చోట్ల ఒప్పందం మీద సంతకం చేయించుకుంటారు. రేపు ఉద్యోగంలో చేరాక కూడా ఇది గుర్తుంచుకోండి. కొన్ని కంపెనీల ఒప్పందాల్లో మీరు ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా మాదే అనే షరతు ఉంటుంది. చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ప్యాచ్ పంపేది గెరిట్ అనే చోటికి. పంపగానే ప్రాజెక్టు సర్వర్లు దాన్ని లైనక్స్, విండోస్, మ్యాక్ మూడింటిలోనూ బిల్డ్ చేసి చూస్తాయి. ఆ తర్వాత మనిషి చదువుతాడు. మొదటి ప్యాచ్‌కి అభ్యంతరాలు రావడం ఖాయం: ఈ పేరు మార్చు, ఈ రెండు లైన్లు అక్కర్లేదు, దీనికి ఒక టెస్ట్ రాయి. చూడగానే గుండె జారుతుంది. కానీ ఎవరైనా ఇన్ని వ్యాఖ్యలు రాశారంటే మీ కోడ్‌ని శ్రద్ధగా చదివారని అర్థం. కోపగించుకోకుండా, సంజాయిషీ ఇవ్వకుండా, చెప్పినవి సరిచేసి అదే మార్పుకి కొత్త రూపంగా పంపండి, ఇంకొకటి కొత్తగా తెరవకండి. ఒప్పుకోలేని వ్యాఖ్య ఉంటే కారణం చెప్పి అడగండి. మీ దగ్గర కారణం ఉంటే వాళ్లు మాట మార్చుకుంటారు, అది నేను చాలాసార్లు చూశాను. వారం రోజులు ఎవరూ పలకకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. రోజూ గుర్తుచేయొద్దు.

పద్ధతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఇంక్‌స్కేప్ వాళ్లు గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైట్ వాడతారు. లైనక్స్ కెర్నల్‌కి ఇప్పటికీ ప్యాచ్‌లు సాదా మెయిల్‌లోనే వెళతాయి. కాబట్టి అందరూ చెప్పే గిట్‌హబ్ అనే సైట్ అర్థం కాలేదని బెంగపడకండి, అది అనేక దారుల్లో ఒకటి మాత్రమే.

ఇంగ్లీషు గురించి మీరు పడుతున్న టెన్షన్ అర్థమవుతోంది. ఇక్కడ దాదాపు అంతా రాతలోనే జరుగుతుంది, మాట్లాడాల్సిన పని చాలా తక్కువ. ఆ రాసేవాళ్లలో కూడా జర్మన్లు, హంగేరియన్లు, బ్రెజిలియన్లు, టర్కీవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషు వాళ్లకీ నేర్చుకున్న భాషే. చిన్న చిన్న వాక్యాలు రాయండి: నేను ఇది చేశాను, ఇది జరిగింది, ఇది జరగాలి. అంతే. వ్యాకరణం తప్పిందని ఎవరూ అనరు, వివరం లేకపోతేనే అడుగుతారు. సార్, మేడమ్ అక్కర్లేదు, పేరుతో పిలవడమే వాళ్ల మర్యాద. 'ఈ పని నాకు అసైన్ చేయండి' అని అడగడం కూడా చాలాచోట్ల అనవసరం. చేస్తున్నానని రాసి మొదలుపెట్టండి, చేయలేకపోతే వదిలేస్తున్నానని రాయండి. ఆ రెండో మాట చాలామంది రాయరు. రాసినవాళ్లని గుర్తుపెట్టుకుంటారు. సందేహాలు ఒకరికి విడిగా పంపకుండా అందరూ చూసేచోట అడగండి. ఆ జవాబు రేపు కడపలోనో కర్నూలులోనో ఇంకొకరికి పనికొస్తుంది.

ఏఐ వాడొచ్చా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు కాబట్టి అది కూడా. తెలియని కోడ్ అర్థం చేసుకోవడానికి, మీ ఇంగ్లీషు వాక్యం సరిచూసుకోవడానికి వాడుకోండి. అది రాసిచ్చిన కోడ్‌ని, రిపోర్ట్‌ని అర్థం చేసుకోకుండా పంపొద్దు. జెంటూ అనే లైనక్స్ ప్రాజెక్టు 2024లో ఏఐ రాసిన కోడ్‌ని పూర్తిగా నిషేధించింది. ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే ప్రాజెక్టు నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ ఏఐతో అల్లిన ఉత్తుత్తి సెక్యూరిటీ రిపోర్టులతో ఎంత సమయం పోతోందో పదే పదే బహిరంగంగా చెప్పారు. మీరు చేరే ప్రాజెక్టు నియమం ఏమిటో ముందే చూడండి. నియమం ఏదైనా సరే, రివ్యూలో 'ఈ లైను ఎందుకు రాశావు' అని అడిగితే సొంతంగా జవాబు చెప్పగలగాలి.

మీ 8 జీబీ ల్యాప్‌టాప్ పరీక్షలకి, రిపోర్టులకి, అనువాదానికి ధారాళంగా సరిపోతుంది. రోజువారీ బిల్డులు మీ మామూలు లిబ్రెఆఫీస్ పక్కనే వేరే ప్రోగ్రాంగా కూర్చుంటాయి, ఒకదాన్నొకటి పాడుచేసుకోవు. అయినా సెంటర్ కంప్యూటర్‌లో వేయకండి, యజమాని ఫైళ్లతో ప్రయోగం వద్దు. సోర్స్ నుంచి మొత్తం బిల్డ్ చేయడమైతే ఆ ల్యాప్‌టాప్‌కి బరువే, మొదటిసారి రాత్రంతా పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పడుకునే ముందు మొదలుపెట్టండి. రెండోసారి నుంచి మారినంత మేరకే బిల్డ్ అవుతుంది.

చివరిగా ఉద్యోగం. క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీల వడపోతలో దీనికి మార్కులు వస్తాయని నేను చెప్పను. అక్కడ ఆప్టిట్యూడ్ పరీక్షలే నడుస్తాయి. చిన్న కంపెనీల్లో, దూరం నుంచి పని ఇచ్చే కంపెనీల్లో మాత్రం లెక్క వేరు. మీరు ఒక సమస్యని ఎలా విడదీస్తారో, తెలియని మనిషితో ఎలా మాట్లాడతారో, తప్పు చూపిస్తే ఎలా తీసుకుంటారో అంతా తేదీలతో సహా బయట ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. డబ్బు వచ్చే దారుల్లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఒకటి. 2005 నుంచి ఉంది, 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్త అయితే చాలు. లిబ్రెఆఫీస్ కూడా అందులో పాల్గొంటూ ఉంటుంది. దరఖాస్తు వేళకి వచ్చి పరిచయం చేసుకునేవాళ్ల కంటే, అప్పటికే నాలుగు ప్యాచ్‌లు లోపలికి వెళ్లినవాళ్ల వైపు మెంటర్లు మొగ్గుతారు. అందుకే వచ్చే ఏడాది గురించి ఈ ఏడాదే మొదలుపెట్టాలి. వీలైతే బెంగళూరులో ఫాస్ యునైటెడ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థ వాళ్లు జరిపే ఇండియాఫాస్ సభకి వెళ్లండి. అనంతపురం నుంచి బస్సులో నాలుగైదు గంటల దారి. మెయిల్లో చూసిన పేర్లని ఎదురుగా కలిస్తే బెరుకు పోతుంది.

ఈ వారం మీ సెంటర్‌లో తెలుగు ఎక్కడైనా తేడాగా పడితే, పని కానిచ్చేసి ఆ మాట ఒక్కటి చీటీ మీద రాసుకోండి. ఆదివారం పైన చెప్పినట్టు విడదీసి చూసి రిపోర్ట్ పెట్టండి. బగ్ నంబరు ఇక్కడ కింద రాస్తే నా మెషీన్‌లో కూడా వేసి చూసి, వస్తుంటే నిర్ధారిస్తాను. నా దగ్గర ఉబుంటు, విండోస్ రెండూ ఉన్నాయి.